తాళం వేసిన బీరువాలో నార్కాన్

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో ఓవర్‌డోస్ మరణాలు తగ్గాయని, మత్తుమందు మోతాదు మించినవాళ్లని బతికించే నార్కాన్ అనే ముక్కు స్ప్రే జలుబు మాత్రల్లా డాక్టర్ చీటీ లేకుండా దొరకడమే అందుకు కారణమని మీ పత్రికలో ఇటీవల వచ్చిన కథనం చదివాను. తగ్గిన మాట నిజమే. 2023తో పోలిస్తే 2024లో నాలుగో వంతుకు పైగా తగ్గాయి. అయితే అంతకు ముందు, 2023లో, తెల్లవాళ్లలో తగ్గుదల మొదలైనప్పుడు నల్లజాతివాళ్లలో, స్థానిక అమెరికన్లలో తగ్గలేదు. ఈ ముక్క మీ కథనంలో లేదు. పద్నాలుగేళ్లుగా బాల్టిమోర్‌లో మందుల షాపు కౌంటర్ వెనక నిలబడుతున్నదాన్ని కాబట్టి రాయాలనిపించింది.

హెరాయినో, ఫెంటనిలో, అలాంటి నల్లమందు జాతి మత్తుమందు ఏదైనా మోతాదు మించితే మనిషి గురకపెట్టి నిద్రపోతున్నట్టే ఉంటాడు, ఊపిరి మాత్రం ఆగిపోతుంటుంది. నార్కాన్‌లో ఉండే మందు నాలాక్సోన్. అది ముక్కులో కొడితే మామూలుగా రెండు మూడు నిమిషాల్లో తెలివి వస్తుంది. దాంతోపాటు వెంటనే 911కి, అంటే అంబులెన్సుకి, ఫోను చెయ్యాలి. ఈ మందుకి 1971లోనే అనుమతి వచ్చింది. స్ప్రేని షెల్ఫు మీద పెట్టి అమ్ముకోవచ్చని 2023 మార్చిలో అన్నారు. ఆ సెప్టెంబరులో రెండు డోసుల పెట్టె మా షాపుకి వచ్చింది, 44 డాలర్ల 99 సెంట్లు. వచ్చిన వారానికే దొంగతనాల భయంతో అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. కావాలంటే గంట నొక్కాలి. తాళంచెవి పట్టుకుని ఒకరు రావాలి. వరసలో ఉన్నవాళ్లంతా చూస్తుండగా ఇవ్వాలి.

ఒక శనివారం సాయంత్రం అరవై దాటిన నల్లజాతి పెద్దాయన ఆ గంట నొక్కాడు. ధర చూసి, జేబులో నోట్లు లెక్కపెట్టుకున్నాడు. నిజానికి మెడికెయిడ్ (పేదలకిచ్చే ప్రభుత్వ బీమా) ఉన్నవాళ్లకి అదే పెట్టె స్టాండింగ్ ఆర్డర్ (అందరికీ కలిపి ముందే రాసి ఉంచిన డాక్టర్ చీటీ) మీద బిల్ చేస్తే దాదాపు ఊరికే వస్తుంది. 2015లోనే అప్పటి ఇక్కడి ఆరోగ్య కమిషనర్ డాక్టర్ లీనా వెన్ ఊరందరికీ కలిపి ఒకే చీటీ రాసేశారు. ఆ సంగతి ఆయనకి చెప్పడానికి ముందు నేను అడిగిన ప్రశ్న, "ఎవరికండీ?" అని. మామూలుగానే అడిగాను. ఆయన నా వెనక ఉన్న సెక్యూరిటీ గార్డు వైపు ఒకసారి చూసి, "మళ్లీ వస్తాలే" అని వెళ్లిపోయాడు. చట్టం ప్రకారం నేను అడగక్కర్లేని ప్రశ్న అది. జ్వరం మందు కొనేవాణ్ని నేనెప్పుడూ అలా అడగలేదు.

ఆయన భయానికి చరిత్ర ఉంది. 1986 మత్తుమందుల చట్టంలో క్రాక్ (కొకెయిన్‌నే గడ్డలుగా చేసింది) ఐదు గ్రాములకి, పొడి కొకెయిన్ ఐదు వందల గ్రాములకి ఒకే శిక్ష. క్రాక్ కేసుల్లో జైలుకెళ్లింది ఎక్కువగా నల్లజాతివాళ్లు. 2010లో ఆ వంద రెట్ల తేడాని 18 రెట్లకి దించారు, పూర్తిగా తీసెయ్యలేదు. తరవాత తెల్లవాళ్ల పిల్లలు నొప్పి మాత్రలకి అలవాటుపడి పోతుంటే, అప్పుడు అది జబ్బయింది, మందులొచ్చాయి. ఆ మందులైనా అందరికీ అందాయా? వ్యసనం మాన్పించే బ్యూప్రెనార్ఫిన్ మీద 2019లో ఒక అధ్యయనం జామా సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆ మందు కోసం తెల్లవాళ్లు డాక్టర్ దగ్గరికి 35 సార్లు వెళ్తే మిగతా జాతులన్నిటికీ కలిపి ఒక్కసారి. 2020లో 65 దాటిన నల్లజాతి మగవాళ్ల ఓవర్‌డోస్ మరణాల రేటు అదే వయసు తెల్లజాతి మగవాళ్ల కన్నా దాదాపు ఏడు రెట్లు.

ఇంకొకటి. కొకెయిన్ వాడేవాళ్లు "మాకు నార్కాన్ ఎందుకు, మేం హెరాయిన్ ముట్టం" అనుకుంటారు. ఆ కొకెయిన్‌లో ఫెంటనిల్ కలిసి ఉంటే, అది తెలిసేలోపు అయిపోతుంది. మా షాపులో అంటించిన పోస్టర్ మీద "పెదాలు నీలంగా మారితే" అని ఉండేది. నల్లని ఒంటిమీద నీలం తెలియదు, బూడిద రంగు తేలుతుంది. ఆ వాక్యం రాసినవాడి కళ్లముందు ఏ రంగు మనిషి ఉన్నాడో వేరే చెప్పాలా? బూడిద రంగు మాట కింద నేనే పెన్నుతో రాశాను.

పైగా షాపులే మూతపడుతున్నాయి, నల్లజాతి పేటల్లో మరీ. బస్సు రెండు మారి వచ్చి, గంట నొక్కి, అంత డబ్బు పెట్టమంటే దాన్ని "దొరకడం" అనొచ్చా? మంగలి షాపులో, చర్చిలో, బస్టాపులో ఊరికే చేతికివ్వాలి, పేరు అడక్కుండా. నొప్పి మాత్రలు అమ్మిన మందుల కంపెనీల మీద వేసిన దావాల్లో ఈ ఊరికి 40 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. డబ్బు లేదనే మాట చెల్లదు.

మేరీలాండ్‌లో ఓవర్‌డోస్ రెస్పాన్స్ ప్రోగ్రాంగా నమోదైన సంస్థలకి నాలాక్సోన్ రాష్ట్రమే ఉచితంగా ఇస్తుంది. మన గుడి తరఫున నమోదు చేద్దామని కమిటీలో అడిగాను. "మనవాళ్లకెందుకమ్మా ఇది" అన్నారొక పెద్దాయన. ఆసియావాళ్లలో ఈ చావులు తక్కువే, ఆయన అన్నది అబద్ధం కాదు. కాకపోతే ఆయన గ్యాస్ స్టేషన్ ఉన్నది ఎక్కువగా నల్లజాతివాళ్లుండే వెస్ట్ బాల్టిమోర్‌లో. వచ్చే నెల మీటింగులో మళ్లీ అడుగుతాను, ఈసారి గుడి కోసం కాదు, ఆ గ్యాస్ స్టేషన్ కౌంటర్ కోసం.

— ఒక తెలుగు ఫార్మసిస్టు,
బాల్టిమోర్, మేరీలాండ్