పాఠక సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది చారిత్రక నవలలే చదవాలని క్రితం సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. పన్నెండు సమావేశాలకు తొమ్మిదే జరిగాయి. హాలు అనుమతి కోసం ఒక కార్యాలయం చుట్టూ తిరిగి నా చెప్పులు అరిగాయి, అంతకంటే చెప్పను.

అడివి బాపిరాజు గారి 'గోన గన్నారెడ్డి'తో మొదలుపెట్టాం. "ఇందులో నిజమెంత?" అన్న గొడవ మొదటిరోజే లేచింది. నవలలో వచ్చే కాకతీయ రాణి రుద్రమ, ఆమె తండ్రి గణపతిదేవుడు శాసనాల్లో ఉన్నవాళ్ళే. వాళ్ళు ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో మాత్రం ఏ రాతి మీదా లేదు కదా!

ఆ గొడవే మమ్మల్ని రుద్రమ మరణం సంగతి చెప్పే శాసనం ఉన్న నల్గొండ జిల్లా చందుపట్లకు తీసుకెళ్ళింది. ఈ ఏటికి మన ఘనకార్యం అదే. పేర్లిచ్చినవాళ్ళు ముప్పై ఒక్కరు, బస్సెక్కినవాళ్ళు పదిహేడుగురు. కార్యవర్గంలో ఇద్దరి ఫోన్లు ఆ పొద్దున మోగుతూనే ఉన్నాయి. నకిరేకల్ దగ్గర విజయవాడ రోడ్డు వదిలి ఊళ్ళోకి వెళ్ళాం. శాసనం ముందు మా రిటైర్డ్ తెలుగు టీచరమ్మ కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, వేలు రాతికి తగలకుండా ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివారు. రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందారనీ (అంటే చనిపోయారనీ), వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే ఆయన భూమి దానమిచ్చాడనీ ఉంది. 1289 నవంబరు నాటిది. ఇది బయటపడక ముందు ఆమె పాలన 1290ల మధ్యదాకా సాగిందనుకునేవారు. బాపిరాజు గారు 1952లోనే పోయారు, శాసనం వెలుగులోకి వచ్చింది ఆ తర్వాతే, కాబట్టి ఈ రాయి సంగతి ఆయనకు తెలిసే వీలే లేదు.

ఇద్దరి మరణమూ ఒకేచోట చెప్పారు కాబట్టి ఆమె మీద తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుడితో యుద్ధంలో పోయి ఉంటారని చరిత్రకారుల ఊహ. రాతిలో యుద్ధం మాటే లేదు. అంటే ఊహించడం నవలాకారులొక్కరే చేసే పని కాదన్నమాట! తెలిసిన తేదీని మార్చే హక్కు నవలాకారుడికి లేదనీ, రాయి చెప్పని ఆ చివరి రోజును రాసే హక్కు ఉందనీ నా అభిప్రాయం. కాదనేవాళ్ళు సమావేశంలో లేచి మాట్లాడండి, టీ దగ్గర కాదు.

పదిహేడుగురికీ పులిహోర కట్టిచ్చిన ఉపాధ్యక్షురాలికి, దారి చూపిన ఊరివాళ్ళకు, నవలల జిరాక్సులు తీసిన కుర్రాళ్ళకు, విసుక్కోని డ్రైవరు గారికి కృతజ్ఞతలు.

ఖర్చులో పెద్దభాగం బస్సుదే. లెక్కల పుస్తకం కోశాధికారి గారి దగ్గర ఉంది. గ్రంథాలయ ఉపసంఘం ఏడాదంతా ఒక్కసారీ కూర్చోలేదు. అరువు తీసుకెళ్ళిన ఆరు నవలలు ఇంకా రావాలి, ఎవరి దగ్గరున్నాయో వాళ్ళకే తెలుసు.

కార్యదర్శి