పదిహేడో కేబుల్

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. ఇంత ఆలస్యం చేసినందుకు తిట్టు, కాదనను, కానీ ఇది చదివాక తిట్టు. ఇంట్లో అందరం కులాసా. నాన్నగారి కంటి ఆపరేషన్ బాగా జరిగింది, పేపరు మళ్ళీ ఆయనే చదువుకుంటున్నారు. చిన్నది ఏడో తరగతికి వచ్చింది. మిగతా కబుర్లు ఇంకోసారి. మొన్న గురువారం మా ల్యాబ్‌లో జరిగింది నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టదు. ఇది విని గంతులేసే మనిషివి నువ్వొక్కడివే.

పన్నెండు కావస్తోంది. ఇరవై రెండు మంది పిల్లలు ప్రాక్టికల్ పరీక్షలో ఉన్నారు. ఉన్నట్టుండి ఎవరికీ సర్వర్ అందడం లేదు. కంప్యూటర్లన్నిటినీ కలిపే నెట్‌వర్క్ స్విచ్చి ఆపి మళ్ళీ వేశాను. రెండు నిమిషాలు బాగానే నడిచి మళ్ళీ మూగబోయింది. ఇంకోసారి వేశాను, మళ్ళీ అంతే. ఎవరైనా ఒకే కేబుల్ రెండు కొసలూ స్విచ్చికే గుచ్చారేమోనని వెతికాను, లేదు. ల్యాప్‌టాప్ తగిలించి, తీగ మీద వచ్చే ఫ్రేములను, అంటే డేటా మూటలను, చూపించే వైర్‌షార్క్ ప్రోగ్రాం తెరిచాను. ఫ్రేముల వరద కనిపిస్తుందనుకుంటే పూర్తి నిశ్శబ్దం. అది చూసి నిజంగా భయం వేసింది. ముందు వరుసలో అమ్మాయి "సార్, నా ప్రోగ్రాం పోతుందా?" అంటోంది, కళ్ళలో నీళ్ళు. ఏం చెప్పను?

ఇక లాభం లేదని కేబుళ్ళు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాను. పదిహేడోది పీకానో లేదో, గదంతా ఒక్కసారిగా "వచ్చింది సార్!" అని కేక.

ఆ కేబుల్ పట్టుకుని వెళితే గోడ పక్కన ఎవరూ కూర్చోని కంప్యూటర్. మౌస్ కదలదు. తెర మూలన గడియారం 11:42 దగ్గర ఆగిపోయి ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఎప్పుడో ప్రాణం వదిలింది. కానీ రఘూ, నెట్‌వర్క్ కార్డు బతికే ఉంది!

కార్డు గుమ్మం దగ్గర కాపలా సంగతి నీకు తెలిసిందే. వచ్చిన ప్రతి ఫ్రేములో మొదటి ఆరు బైట్లు చూస్తుంది. తన చిరునామా అయితే లోపలికి రానిస్తుంది, పరాయిదైతే అక్కడే పారేస్తుంది. ఆరు బైట్లూ ఎఫ్‌ఎఫ్, అంటే అన్నీ ఒకట్లే, అయితే అది ఊరంతటికీ చాటింపు, తీసుకోక తప్పదు. ఈ వడపోతకు ప్రాసెసర్‌తో పనే లేదు. ల్యాబ్‌లో చిరునామాలు వెతికే ఏఆర్‌పీ చాటింపులకు కొదవేముంది? "ఈ ఐపీ ఎవరిది?" అని ఎవరడిగినా ఆ ప్రశ్న ఈ కంప్యూటర్ లోపలికీ వెళ్ళింది. అక్కడి నుంచి తీసుకెళ్ళాల్సిన డ్రైవర్, అంటే కార్డును నడిపే ప్రోగ్రాం, 11:42కే ఆగిపోయింది. ముందు మెమరీలో కేటాయించిన చోటు నిండింది, తర్వాత కార్డులోని బఫర్, అంటే వచ్చినవి కాసేపు దాచుకునే చోటు, నిండింది. నిండి పొర్లే నీలం బకెట్, రఘూ! అచ్చం మన నీలం బకెట్!

గీత దాటగానే కార్డు తన ధర్మం తాను చేసింది. "ఆగు, ఇక పట్టదు" అని స్విచ్చికి పాజ్ ఫ్రేము పంపింది. 1997లో 802.3ఎక్స్ అనే ఈథర్‌నెట్ ప్రమాణంతో వచ్చిన ఏర్పాటు ఇది. ఎంతసేపు ఆగాలో రెండు బైట్లలో రాస్తుంది, ఒక్కో యూనిట్ 512 బిట్లు పంపడానికి పట్టే కాలం. గరిష్ఠంగా 65,535 వేసినా గిగాబిట్ తీగ మీద దాదాపు 33.5 మిల్లీసెకన్లే. కంటి రెప్పపాటు కూడా కాదు. అయితే గడువు తీరేలోపే మళ్ళీ పంపుతుంది, మళ్ళీ మళ్ళీ పంపుతూనే ఉంటుంది. బఫర్ ఖాళీ అయితే కాలం సున్నా వేసి "ఇక పంపు" అనాలి, కానీ ఖాళీ చేసే నాథుడేడీ? స్విచ్చి ఆ మాట మన్నించి ఆ పోర్టు ఫ్రేములన్నీ తన దగ్గరే పోగేసుకుంది. మా స్విచ్చిలో పోర్టులన్నిటికీ ఉమ్మడి బఫరే. అదీ నిండింది. దాంతో ఇరవై రెండు మందీ ఆగిపోయారు.

మరి వైర్‌షార్క్‌కు ఎందుకు చిక్కలేదు? పాజ్ ఫ్రేము వెళ్ళే చిరునామా 01-80-సీ2-00-00-01. దాన్ని స్విచ్చి ఇంకో పోర్టుకు దాటించదు. సాయంత్రం అందరూ వెళ్ళాక, ఆ కంప్యూటర్‌ను ఆపకుండా, కేబుల్ నేరుగా నా లినక్స్ ల్యాప్‌టాప్‌కు గుచ్చాను. అప్పుడూ వైర్‌షార్క్‌లో ఒక్క పాజ్ ఫ్రేము లేదు. నా కార్డు వాటిని తానే చదువుకుని మింగేస్తోంది, పైకి రానివ్వడం లేదు. ఎత్‌టూల్‌తో కార్డు లెక్కలు అడిగాను. అందిన పాజ్‌ల వరుసలో 212. టీ ఒక గుక్క తాగి మళ్ళీ అడిగితే 590. తెర కదలదు, గడియారం కదలదు, ఆ మూల నుంచి మాత్రం "ఆగు, ఆగు" అని వస్తూనే ఉంది. చీకటి పడ్డ ల్యాబ్‌లో ఒక్కడినే కూర్చుని ఆ అంకె పెరగడం చూస్తుంటే ఒళ్ళు జలదరించింది.

మన మూడో సంవత్సరం ఈఎన్‌సీ28జే60 గుర్తుందా? 8 కిలోబైట్ల బఫర్ ఉన్న చిన్న నెట్‌వర్క్ చిప్. దాని డేటాషీటులో వడపోత అధ్యాయం ఇద్దరికీ కంఠతా వచ్చు: 64 గళ్ళ హ్యాష్ పట్టిక, చిరునామా నుంచి లెక్కగట్టే సీఆర్‌సీ అంకెలో ఆరు బిట్లతో గడి ఎంచుకోవడం, వద్దనుకున్న మల్టీకాస్ట్ (ఒక గుంపుకు పంపే ఫ్రేము) కూడా అదే గడిలో పడి లోపలికి వచ్చేయడం. ఆ చొరబాటుకు నువ్వు పెట్టిన పేరు ఇక్కడ రాయను, మీ ఆవిడ చదువుతుంది! ఈ "ఆగు" చెప్పే ఏర్పాటు మీది ఫ్లో కంట్రోల్ అధ్యాయం మనం తెరవనే లేదు. నిన్న రాత్రి తీసి చదివాను. హాఫ్ డూప్లెక్స్‌లో, అంటే ఒకసారి ఒకరే పంపగలిగే తీగ మీద, ఆ చిప్ పాజ్ ఫ్రేము పంపదు, ఒకటి సున్నాలు ఎడతెగకుండా పంపుతూ తీగనే ఆక్రమించుకుంటుంది, ఇంకెవరూ నోరు మెదపకుండా. ఎంత ముచ్చటేసిందో! అప్పుడే చదివి ఉంటే గురువారం ఆ గంటసేపు...

సరే. ల్యాబ్ పోర్టులన్నిటిలో ఫ్లో కంట్రోల్ తీసేశాను. పట్టని ఫ్రేములు పడిపోనీ, పోయినవి చూసుకునే టీసీపీ మళ్ళీ పంపుకుంటుంది. ఒకరి ఇంట్లో చోటు లేదని వీధి వీధంతా మూసేయడం నాకు సమ్మతం కాదు. స్టోరేజీ యంత్రాల మధ్య సంగతి వేరని నువ్వంటావు, తెలుసు. అక్కడ ఒక్క ఫ్రేము పోయినా ఎంత ఇబ్బందో నువ్వు రోజూ చూస్తున్నావు. మీరు అక్కడ దీన్ని ఎలా అదుపులో పెడుతున్నారో వివరంగా రాయి. ఇంకోటి, పాజ్‌ల సంఖ్య ఒక హద్దు దాటితే ఆ పోర్టునే మూసేసేలా ఒక చిన్న స్క్రిప్టు...

వాచ్‌మన్ తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆ అమ్మాయి ప్రోగ్రాం పోలేదు, చెప్పడం మరిచాను. అమ్మగారికి నా నమస్కారాలు.

నీ
శీను