ఆదివారం చేదబావుల పరీక్ష

అందరికీ నమస్తే. ఈ ఆదివారం ఉదయం 6 గంటలకు మన వాడలోని చేదబావులు కొలుస్తున్నాం.

శనివారం రాత్రి నుంచి ఎవరూ నీళ్లు తోడొద్దు, మోటార్ వేయొద్దు. పరీక్ష అయ్యేదాకా బ్లీచింగ్ పౌడర్ కూడా వద్దు.

ముందు టేపుతో నీటిమట్టం చూస్తాం. తర్వాత గంటసేపు మోటారుతో తోడి ఆపేస్తాం. ఆపై ప్రతి 10 నిమిషాలకు నీళ్లు ఎంత పైకొచ్చాయో రాసుకుంటాం. ఊట సంగతి తేలేది అక్కడే. నిండుగా కనిపించే బావికి ఊట తక్కువ ఉండొచ్చు!

బావి ఉన్న ప్రతి ఇంటివాళ్లూ లీటరు ప్లాస్టిక్ సీసా తెండి. అదే బావి నీళ్లతో మూడుసార్లు కడిగి నింపాలి. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో చూడటానికే ఇది. మన నల్లగొండ నేలలో ఫ్లోరైడ్ ఎక్కువని తెలిసిందే కదా. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు, కాచినా అది పోదు.

సీసా మీద ఇంటి నంబర్ మరవకండి. పోయినసారి ఏది ఎవరిదో తెలియక మళ్లీ తోడాల్సి వచ్చింది. పిల్లలను గట్టు దగ్గరికి రానివ్వకండి.