నీటి ఆటల ఫొటోలకు పెద్ద గొట్టం లాంటి లెన్స్ అక్కర్లేదు

సంపాదకులు గారికి,

అయ్యా,

జిల్లా పేజీల్లో తెప్పల పోటీలు, కయాక్‌లు, జెట్ స్కీల ఫొటోలు ఈమధ్య తరచుగా కనిపిస్తున్నాయి. చాలావాటిలో పడవ అగ్గిపెట్టెంత ఉంటుంది, మనిషి నల్లటి నీడలా ఉంటాడు, మిగతాదంతా నీళ్లే. ఖరీదైన కెమెరా లేకపోవడమే దీనికి కారణమని చాలామంది అనుకుంటారు. అసలు కారణాలు రెండు: ఏ లెన్స్ కొనాలో తెలియకపోవడం, ఎండ ఎటుందో చూసుకోకపోవడం. ఇరవై వేల లోపు టెలి లెన్స్ (దూరాన్ని దగ్గరగా చూపేది) కోసం వెతుకుతున్న కుర్రాళ్లు శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ఉన్నారు కాబట్టి ఇది రాస్తున్నాం.

కొనే ముందు ఒక లెక్క వేసుకోవాలి. పడవ ఎన్ని మీటర్ల దూరంలో ఉందో ఆ అంకెను 22తో హెచ్చవేసి, లెన్స్ మీద రాసి ఉండే మిల్లీమీటర్ల అంకెతో భాగిస్తే ఫ్రేములో ఎన్ని మీటర్ల వెడల్పు పడుతుందో తెలుస్తుంది. ఇది కెనాన్ మామూలు డీఎస్ఎల్ఆర్‌ల (లోపల అద్దం ఉండే కెమెరాల) లెక్క. నికాన్, సోనీల్లో ఆ తరగతి కెమెరాల సెన్సరు (బొమ్మ పడే చిప్పు) కాస్త పెద్దది, అక్కడ 23.5 వేసుకోండి. వంద మీటర్ల దూరానికి 250 మిల్లీమీటర్ల లెన్స్ పెడితే దాదాపు 9 మీటర్ల వెడల్పు వస్తుంది. మూడు మీటర్ల కయాక్ అందులో మూడో వంతు. అదే 50 మీటర్లకు వస్తే ఫ్రేములో మూడింట రెండు వంతులు నిండుతుంది. 400 లెన్స్‌తో వంద మీటర్లకు అయిదున్నర మీటర్లు పడుతుంది. అంటే ఒడ్డుకు దగ్గరగా జరిగే పోటీలకు 250, 300 సరిపోతాయి. అలల అవతల 150 మీటర్లలో తిరిగే వాటికి చాలవు. అలాగని కంగారు పడక్కర్లేదు. 24 మెగాపిక్సెళ్ల ఫొటోను సగం వెడల్పుకు కత్తిరించినా 3000 పిక్సెళ్లు మిగులుతాయి. పత్రికలో పది అంగుళాల వెడల్పు ఫొటోకు అంతే కావాలి.

ఇక ఎపర్చరు, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే కన్నం. ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ అది పెద్దది. ‘ఎఫ్/2.8 లేకపోతే స్పోర్ట్స్ తియ్యలేం’ అనే మాట ఇండోర్ స్టేడియాలకు సరిపోతుంది గానీ మన సముద్రం ఒడ్డుకు కాదు. నిండు ఎండలో ఐఎస్ఓ (సెన్సరు వెలుగును పట్టే శక్తి) 400, ఎఫ్/8 దగ్గర షట్టరు 1/1600 సెకను వస్తుంది. ఎగిరే తుంపరలో ప్రతి చుక్కా విడివిడిగా నిలవడానికి అంత వేగం చాలు. 70-200 ఎఫ్/2.8 లెన్స్ కిలోన్నర బరువు, ధర అందదు, పైగా 200 దగ్గరే ఆగిపోతుంది. ఎఫ్/6.3 లెన్స్ ఇబ్బంది పెట్టేది పొద్దుగూకే వేళ ఒక్కటే. సంక్రాంతి రోజుల్లో మన దగ్గర ఆరు కాకముందే సూర్యుడు దిగిపోతాడు. చివరి అరగంటలో ఐఎస్ఓ బాగా పెంచాల్సి వస్తుంది. ఆ అరగంట కోసం లక్ష పెట్టడం కంటే పోటీని ఓ గంట ముందు మొదలెట్టమని నిర్వాహకులను అడగడం చవక.

డబ్బు పెట్టాల్సింది లెన్స్‌లో ఫోకస్ తిప్పే మోటారు మీద. ఎక్కువమంది మోసపోయేదీ ఇక్కడే. కెనాన్ 75-300 లెన్స్ డబుల్ కిట్‌లో (కెమెరాతో రెండు లెన్సులు) చవగ్గా వస్తుంది, 300 అంకె ఊరిస్తుంది. దాని మోటారు నెమ్మది, స్టెబిలైజరు (వణుకును ఆపే ఏర్పాటు) లేదు, 300 దగ్గర బొమ్మ మెత్తబడుతుంది. ఎదురుగా వచ్చే జెట్ స్కీని అది పట్టేలోపు బండి ఫ్రేము దాటిపోతుంది. దానికి బదులు 55-250 ఐఎస్ ఎస్‌టీఎం చూడండి (ఐఎస్ అంటే కెనాన్ స్టెబిలైజరు, ఎస్‌టీఎం అంటే కొత్త రకం మోటారు). 375 గ్రాములే, వేగంగా, చప్పుడు లేకుండా ఫోకస్ పడుతుంది, సెకండ్ హ్యాండ్‌లో పదిహేను వేల లోపు దొరుకుతుంది. ‘ఎస్‌టీఎం’ అన్న అక్షరాలు లెన్స్ మీద ఉన్నాయో లేదో చూడాలి. అదే అంకెలతో పాత మోటారు లెన్సులు కూడా అమ్మకానికి ఉంటాయి. కెనాన్ మిర్రర్‌లెస్ (అద్దం లేని కెమెరా) ఉన్నవాళ్లు అడాప్టరుతో ఇదే వాడుకోవచ్చు.

నికాన్‌లో ఏఎఫ్-పి డీఎక్స్ 70-300 వీఆర్ (నికాన్ స్టెబిలైజరు పేరు) మంచి లెన్స్, 415 గ్రాములు. చిక్కల్లా కెమెరాతోనే. డీ3100, డీ3200, డీ5100, డీ7000 వంటి పాత కెమెరాల మీద అది ఫోకస్ కాదు. డీ3300, డీ5300, డీ7100 అయితే ముందు ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాలి. ఇదే లెన్స్ వీఆర్ లేకుండా కూడా ఉంది, పేరు పూర్తిగా చదవండి. లోపల మోటారే లేని పాత ఏఎఫ్ 70-300 ఇంకా చవక. డీ3000, డీ5000 వరుస కెమెరాల్లో కూడా మోటారు ఉండదు కాబట్టి, దాన్ని బిగించాక ఫోకస్ చేత్తో తిప్పుకోవడమే. సోనీ వాళ్లకు స్టెబిలైజరు ఉన్న 55-210 ఓఎస్ఎస్ ఉంది, పొడవు తక్కువైనా పని జరుగుతుంది.

స్టెబిలైజరు గురించి ఒక భ్రమ తొలగాలి. అది మన చేతి వణుకును ఆపుతుంది, పడవను ఆపదు. 1/1600 దగ్గర ఉన్నా లేకపోయినా ఫొటోలో తేడా రాదు. అయినా ఉంటేనే మేలు. కదిలే నావలోంచి తీసేటప్పుడు వ్యూఫైండర్‌లో బొమ్మ నిలకడగా ఉంటుంది, సాయంత్రం కాస్త ఆదుకుంటుంది.

సెకండ్ హ్యాండ్ లెన్సును దుకాణం వెలుగులో పైపైన చూసి డబ్బులిచ్చేయకండి. ఒక వైపు నుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి రెండో వైపు నుంచి చూస్తే సాలెగూడు పోగుల్లాంటి ఫంగస్ బయటపడుతుంది. తీర ప్రాంతపు లెన్సులకు ఇది మామూలు రోగం. చిన్న ధూళి కణాలు ఉన్నా ఫరవాలేదు. జూమ్ తిప్పుతుంటే కరకరమంటే లోపల ఇసుక చేరినట్టు, దాన్ని వదిలేయండి. తర్వాత బయటికొచ్చి రోడ్డు మీద ఎదురొచ్చే బైకును కంటిన్యూయస్ ఫోకస్‌లో (కదిలేదాన్ని వెంటాడే పద్ధతి) వరసగా ఇరవై ఫొటోలు తీసి, నంబరు ప్లేటు ఎన్నింట్లో చదవగలరో లెక్కపెట్టండి. అమ్మేవాడి మాట కంటే ఆ లెక్క నిజం చెబుతుంది.

లెన్స్ ఎంత మంచిదైనా ఎండ తప్పు వైపు ఉంటే దండగ. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది, సముద్రం ఆగ్నేయాన ఉంటుంది. పొద్దున సూర్యుడు నీళ్ల మీద నుంచే లేస్తాడు కనుక కళింగపట్నంలోనైనా, బారువలోనైనా, చింతపల్లిలోనైనా ఉదయం తీస్తే మొహాలు నల్లబడతాయి. గోవాలో తీసిన పాఠాల వీడియోలు చూసి ఇక్కడ పాటిస్తే లెక్క తిరగబడుతుంది, అక్కడ సముద్రం పడమట. మన దగ్గర మూడు దాటాక ఎండ వీపు మీద పడుతుంది, తెప్ప రంగులు, చెమట మెరుపు అప్పుడు కనిపిస్తాయి. ఉదయమే తీయక తప్పకపోతే ఎక్స్‌పోజరు (ఫొటోలో పడే వెలుగు) ప్లస్ ఒకటి పెంచండి, లేదా నీడ బొమ్మలుగానే తీయండి. తాటిపూడి జలాశయం దగ్గర ఈ బాధ తక్కువ, గట్టు వెంట నడిచి ఎండ వైపు మారొచ్చు. నడి మధ్యాహ్నం మాత్రం ఎక్కడా వద్దు. ఇసుక మీద వేడిగాలి లేచి దూరపు బొమ్మ వణుకుతుంది, దానికి లెన్స్ మార్చినా ఉపయోగం లేదు.

ఫోకస్ పాయింట్లన్నీ తెరిచి ఉంచితే కెమెరా నురుగు మీదికో, నీటి తళుకు మీదికో పోతుంది. మధ్య పాయింటు ఒక్కటే ఉంచి మనిషి ఛాతీ మీద పెట్టండి. వేగం కనిపించాలంటే 1/100 దగ్గర పడవతో పాటు కెమెరాను పక్కకు తిప్పుతూ తీయాలి. పదింటిలో ఒకటి కుదిరితే అదే ఎక్కువ.

పైన చెప్పిన ఈ ధర లెన్సులకు నీరు చొరకుండా రబ్బరు కట్టు ఉండదు. పాలిథీన్ సంచీకి ఒక కన్నం చేసి లెన్స్ అంచుకు రబ్బరు బ్యాండు వేస్తే తుంపర నుంచి కాపు. ఒడ్డున లెన్స్ మార్చవద్దు. ఇంటికి రాగానే ముందు బ్లోయరుతో ఇసుక ఊది, మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో లెన్స్ ఒంటి మీది ఉప్పు తీసి, తర్వాత పొడి గుడ్డతో తుడవండి. ముందే పొడి గుడ్డతో రుద్దితే ఇసుక గీతలు పెడుతుంది. ఆపైన గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచాలి. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే, వంటకు వాడని పాత మూకుడులో సన్నసెగ మీద వేడిచేసి చల్లారాక మళ్లీ వాడుకోవచ్చు. బియ్యం డబ్బాలో పెట్టమనే సలహా మాత్రం వినకండి, ఆ పిండి జూమ్ సందుల్లోకి పోతుంది.

పోటీలు పెట్టేవారికి ఒక విన్నపం. పడవలు మలుపు తిరిగే బోయకు (నీటి మీద తేలే గుర్తు) ఎదురుగా ఒడ్డున పది అడుగుల జాగా తాడు కట్టి ఫొటోలు తీసేవాళ్లకు వదలండి. తుంపర ఎక్కువ లేచేదీ, వేగం తగ్గి మొహాలు ఇటు తిరిగేదీ అక్కడే. వేదిక ముందు కుర్చీల పక్కన నిలబెడితే తీయగలిగేది అతిథుల ఫొటోలే. సంపాదకులు గారూ, మీరు కూడా పాఠకుల ఫొటో వేసేటప్పుడు కింద లెన్స్, షట్టరు, తీసిన వేళ ఒక్క లైనులో ఇస్తే, కొత్తగా కొనేవాళ్లు దుకాణానికి వెళ్లే ముందే ఎంతో తెలుసుకుంటారు.

ఇట్లు,
ఒడ్డున కెమెరా పట్టే కొందరు పాఠకులు,
శ్రీకాకుళం