క్లచ్ లేని బండి

పాపా,

ఫోన్ చేసి చెప్దామంటే నాకిక్కడ అమెరికాలో రాత్రయ్యేసరికి నీకక్కడ పొద్దున మీటింగులు మొదలవుతాయి. పైగా నేను మాట మొదలుపెట్టేలోపే మీ అమ్మ ఫోను లాక్కుంటుంది. అందుకే రాస్తున్నా. పొడుగ్గా ఉంటుంది, ఆదివారం తీరిగ్గా చదువుకో.

మొన్న శనివారం మీ అన్న మమ్మల్ని మోయాబ్ అనే ఊరికి తీసుకెళ్లాడు. మీ అన్న వాళ్లుండే సాల్ట్ లేక్ నుంచి 230 మైళ్లు, అంటే మన లెక్కలో 370 కిలోమీటర్లు. కడప నుంచి హైదరాబాదుకు కాస్త తక్కువ. నాలుగు గంటల్లో పోయాం. ప్రైస్ అనే ఊరు దాటాక ఇక చెట్టూ లేదు, చేనూ లేదు, టీ కొట్టు సంగతి అడగొద్దు. అట్లా పోగా పోగా ఒక్కసారిగా భూమంతా ఎర్రబడిపోయింది. గండికోట దగ్గర పెన్న ఒడ్డున చూస్తాం చూడు, అట్లాంటి ఎరుపే, కాకపోతే ఇక్కడ కంటికి ఆనినంత దూరం అదే.

అక్కడ బగ్గీ ఎక్కుదాం అన్నాడు మీ అన్న. బగ్గీ అంటే పెళ్లికొడుకును ఊరేగించే గుర్రబ్బండి అనుకుంది మీ అమ్మ, నేనూ అదే అనుకున్నానులే. తీరా చూస్తే ఇనప గొట్టాలతో చేసిన పంజరం, అందులో నాలుగు సీట్లు, కింద నాలుగు పెద్ద టైర్లు. అద్దాల్లేవు, పైన పేరుకు ఒక రేకు. బెల్టు భుజాల మీదుగా రెండు, నడుముకు రెండు. దాన్ని బిగించాక ముందుకు వంగి చెప్పుల స్ట్రాప్ సరిచేసుకుందామన్నా కుదరదు. హెల్మెట్లు ఇచ్చారు, దుమ్ముకు కళ్లద్దాలు ఇచ్చారు, ముక్కుకు ఒక గుడ్డ ఇచ్చారు. నేను నా తువ్వాలే కట్టుకున్నా. మీ అమ్మ కొప్పుకు హెల్మెట్ పట్టలేదు. పిన్నులన్నీ పీకి మీ వదిన చేతిలో పెట్టి, మీ అన్న ట్రాక్ ప్యాంటు ఒకటి తగిలించుకుని వచ్చి కూర్చుంది. ఫోటో పంపొద్దని నా మీద ఒట్టు పెట్టించింది కాబట్టి పంపట్లేదు, వచ్చాక చూపిస్తా. మీ వదినా చిన్నోడూ ఊళ్లోనే ఉండిపోయారు. అంత చిన్న పిల్లల్ని ఎక్కించుకోరట.

మేము పోయిన దారి పేరు హెల్స్ రివెంజ్. అంటే ఏందిరా అని మీ అమ్మ అడిగితే వాడు చెప్పకుండా నవ్వాడు. నేనే చెప్పా, నరకం పగ తీర్చుకోవడం అని. అంతే, అక్కడి నుంచి దారి పొడుగునా గోవిందా గోవిందా.

అద్దె ఎంతని అడిగా. ఆ సంగతి నీకెందుకు నాన్నా అన్నాడు. దాన్నిబట్టే అర్థమైంది ఎంతో.

కౌంటర్లో లైసెన్స్ అడిగారు. వాడు తనది ఇచ్చి, నీది కూడా తియ్ నాన్నా అన్నాడు. నాదెందుకురా అంటే, సగం దూరం నువ్వే తోలతావు అని. 32 ఏళ్లు ఆర్టీసీలో స్టీరింగ్ పట్టిన చేతులు పాపా, రిటైరై ఆరేళ్లయినా పర్సులో లైసెన్స్ లేకుండా గడప దాటను, నీకు తెలుసు కదా. తీసి ఇచ్చా. ఆ అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బస్సులు కూడా తోలతారా అంది. తోలేవాణ్ణి అన్నా. మీ అన్న దాన్ని ఇంగ్లీషులో ఏం చేసి చెప్పాడో కానీ వాళ్లందరూ చప్పట్లు కొట్టారు. కొంచెం సిగ్గేసింది, కొంచెం బాగానే ఉండింది.

మాకు దారి చూపించే పిల్లకు పాతికేళ్లు కూడా ఉండవు, నీకన్నా చిన్నది. ఎండకు ముక్కు మీద పొట్టు లేచిపోయింది. ఆ పిల్ల బండి ముందు, మాది వెనక. అంతకన్నా వేరే వాళ్లు లేరు ఆ పూట. బయల్దేరేముందు పది నిమిషాలు బండి గురించి చెప్పింది. క్లచ్ లేదు, గేర్లు మార్చే పని లేదు, నీ స్కూటీ ఎట్లా బెల్టు మీద నడుస్తుందో ఇదీ అట్లాగే. హై, లో, న్యూట్రల్, రివర్స్, పార్క్, ఇంతే. రాయి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ లో గేరులోనే ఉండాలి. ఆ చివరి మాట నాకు నచ్చింది. గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు నేను కొత్త డ్రైవర్లకు మొత్తుకునేది అదే కదా, ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగరా నాయనా, న్యూట్రల్ వేసి డీజిల్ మిగిలిద్దామని చూడకురా అని. కేఎంపీఎల్, అదే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అనే పిచ్చిలో ప్రాణాల మీదికి తెచ్చుకునేవాళ్లు ఉండేవాళ్లు మా డిపోలో.

మొదట మీ అన్న తోలాడు. అదసలు రోడ్డు కాదు పాపా. రాయి. గండికోటలో రాళ్లు పలకలు పలకలుగా ఎవరో పేర్చినట్టు ఉంటాయి కదా, ఇక్కడ పోతపోసినట్టు నున్నగా, ఏనుగుల్ని వరసగా పడుకోబెడితే వాటి వీపుల మీద నుంచి పోతున్నట్టు ఉంటుంది. ఒక్కో వీపు మీద బండి పట్టేంత వెడల్పే, రెండు పక్కలా పల్లం. రాయి మీద అక్కడక్కడా మంట గుర్తు పెయింటుతో వేసి ఉంటుంది, ఆ గుర్తులు పట్టుకుని పోవాలి. దాదాపు 19 కోట్ల ఏళ్ల కిందట అదంతా ఇసుక ఎడారట. గాలికి పోగైన ఇసుక తిన్నెలే అట్లా గట్టిపడి రాయయ్యాయట. దగ్గరికి పోయి చూస్తే నిజమే, రాతి మీద వాలుగా గీతలు గీతలుగా, గాలి ఇసుకను ఏ వైపు తోసిందో ఆ వైపు. ఎరుపు దేనికంటే ఇసుకలో ఉన్న ఇనుముకు తుప్పు పట్టి. ఆ తుప్పు మాట వినగానే మా పాత బస్సుల ఫుట్‌బోర్డులు గుర్తొచ్చాయి.

ఆ రాతిని వాళ్లు స్లిక్‌రాక్ అంటారు, అంటే జారే రాయి. నేను కింద చెయ్యి పెట్టి చూశా, జారడమేంటి, గరుకు కాగితంలా ఉంది. అదే అడిగించా. వెనకటి కాలంలో ఇక్కడికి వచ్చినవాళ్ల గుర్రాలకు ఇనప నాడాలు ఉండేవి, అవి దీని మీద జారేవి, అందుకని ఆ పేరు పెట్టారట. రబ్బరు టైరు మాత్రం బల్లిలా అతుక్కుంటుంది. ఎన్ని బళ్లు ఎక్కి దిగాయో, రాయి మీద నల్లగా రెండు చారలు పడిపోయాయి.

ఒకచోట ఆ పిల్ల మమ్మల్ని దింపి రాతి మీద మూడు వేళ్ల గుర్తులు చూపించింది. కోడి అడుగులాగే ఉంది, కాకపోతే నా అరచెయ్యి కన్నా పెద్దది. డైనోసార్‌దట. మీ అమ్మ నమ్మలేదు, ఎవరో చెక్కి ఉంటారు టూరిస్టుల కోసం అంది. నేనైతే నమ్మాను. ఇంకోచోట నల్లగా బొడిపెలు బొడిపెలుగా మట్టి కనిపిస్తే నేను అటు అడుగేయబోయా, ఆ పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది. ఆ మట్టి బతికే ఉందట. కంటికి కనపడని జీవాలూ, నాచూ కలిసి ఆ పొర కడతాయి, అదే ఇసుకను గాలికి లేవకుండా పట్టి ఉంచుతుంది, ఒక్క అడుగు పడితే మళ్లీ కట్టుకోవడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. కాలు వెనక్కి తీసుకున్నా.

ఈ దారులన్నీ ఎవరేశారో తెలుసా? సరదాకి వేసినవి కావు చాలావరకు. 1952లో చార్లీ స్టీన్ అనే ఒకాయనకు ఈ చుట్టుపక్కల యురేనియం దొరికిందట. ఇక అక్కడి నుంచి జీపులేసుకుని యురేనియం కోసం ఎగబడిన వాళ్లు కొండల్లో తొక్కిన దారులు, ఇప్పుడు డబ్బులిచ్చి తిరిగే దారులయ్యాయి. యురేనియం అనగానే నేను మన పులివెందుల దగ్గర తుమ్మలపల్లి గని గురించి చెప్పించా, మా జిల్లాలో కూడా తవ్వుతారమ్మా అని. ఊరికి రాకముందు రోడ్డు పక్కన, కొలరాడో నది ఒడ్డున, ఆ రోజుల యురేనియం మిల్లు తాలూకు వ్యర్థం 1 కోటి 60 లక్షల టన్నులు పడి ఉండేదట. దాన్ని నది పక్క నుంచి తీసి 30 మైళ్ల అవతల పూడ్చేపని 2009లో మొదలుపెట్టారు, ఎక్కువగా రైళ్ల మీదే. ముందు తవ్వడం జీపు మీద, తర్వాత ఎత్తిపోయడం రైలు మీద!

ఒక్కటి మాత్రం నాకు నచ్చలేదు, ఆ చప్పుడు. ఊళ్లో వాళ్లు ఈ బళ్ల మోతకు విసిగిపోయి గొడవ చేస్తే 2021లో చప్పుడుకు హద్దు పెడుతూ నిబంధనలు తెచ్చారట. వాళ్లదే న్యాయం. బానెట్ పక్కనే కూర్చుని 32 ఏళ్లు ఇంజన్ మోత విన్నవాణ్ణి, నా ఎడమ చెవి సంగతి నీకు తెలుసు కదా, ఏది చెప్పినా రెండుసార్లు చెప్పాలి.

సరే, అసలు సంగతికొస్తా.

కొలరాడో నది కిందెక్కడో గోధుమరంగు తాడులా కనిపించేచోట ఆపి, ఇక నువ్వు తోలు నాన్నా అని వాడు పక్క సీట్లోకి మారాడు. ఎక్కి కూర్చున్నా. స్టీరింగ్ ఎడమ పక్క. అది సర్దుకున్నా. కానీ ఎడమ కాలుకు పని లేదు పాపా! కాలు ఎక్కడ పెట్టాలో తెలీదు. మడిచి పెట్టా, చాచి పెట్టా, అది దానంతటదే పోయి లేని క్లచ్‌ను తొక్కుతుంది. రెండు చిన్న ఎత్తులు బాగానే ఎక్కించా. మూడోది పెద్దది. ఆ పిల్ల తన బండి ఎక్కించి, పైన ఆపి, దిగి, రాతి కొసన నిలబడి రమ్మని చెయ్యూపింది.

సగం ఎక్కాక నా కళ్ల ముందు రాయి లేదు. ఆకాశం ఒక్కటే ఉంది. దారి కనపడకపోతే కాలు తియ్యాలి, 32 ఏళ్ల అలవాటది, తీసేశా. బండి ఆగింది, ఆగి వెనక్కి జారడం మొదలుపెట్టింది. ఎడమ కాలు క్లచ్ కోసం తడుముకుంటోంది, కుడి కాలు ఏం చేస్తోందో నాకే తెలీదు, మీ అమ్మ గోవిందా కూడా అనడం మానేసింది. రెండు మూడు అడుగులు జారాక బ్రేక్ మీద పడింది కాలు. ఘాట్ రోడ్డు మీద 50 మందిని కూర్చోబెట్టుకుని తోలిన మనిషిని, చేతులు చూస్తే వణుకుతున్నాయి.

ఆ పిల్ల పరిగెత్తుకుని రాలేదు. నింపాదిగా నడిచి దిగింది. నా పక్కకొచ్చి గొట్టం మీద చెయ్యేసి, ఇక్కడ చాలామందికి ఇట్లాగే అవుతుంది అంది. కాలు బ్రేక్ మీదే ఉంచండి. ఊపిరి తీసుకోండి. తొందరేం లేదు, వెనక ఎవరూ లేరు. మళ్లీ ఎక్కేటప్పుడు మధ్యలో కాలు తియ్యొద్దు, పెంచొద్దు, ఒకేలా ఉంచండి. దారి కనపడదు, నన్ను చూడండి, నాకు కనపడుతుంది. మీ అన్న తెలుగులో చెప్తూనే ఉన్నాడు కానీ నాకు చెప్పక్కర్లేకుండానే అర్థమైంది. మళ్లీ నడుచుకుంటూ పైకి పోయి నిలబడింది.

ఎక్కించా. ఆ పిల్ల టోపీ తప్ప ఇంకేమీ చూడలేదు నేను. ముందు చక్రాలు పైకి చేరగానే వెనక నుంచి మీ అమ్మ, "రైట్... రైట్!" అని అరిచింది, అచ్చం మా కండక్టర్ల గొంతు. అందరం నవ్వాం. నవ్వు అయిపోయాక నెమ్మదిగా అంది, "మన పాపకు కూడా ఆ రోజు ఇట్లాగే జారింది కదా."

ఇక దారి పొడుగునా నేనేం మాట్లాడలేదు.

ఫ్లైఓవర్ ఎక్కేచోట ట్రాఫిక్ ఆగి, నువ్వు మళ్లీ ఎత్తేటప్పుడు కారు వెనక్కి జారి ఆటోకు తగిలింది. ఆటో ఇండికేటర్ పగిలింది, అంతే. 500 ఇస్తే ఆటో అతను మాట కూడా అనకుండా పోయాడు. నేను మాత్రం నడిరోడ్డు మీద, అందరూ వినేట్టు, హాఫ్ క్లచ్ అని ఎన్నిసార్లు చెప్పాలి నీకు, నీకు డ్రైవింగ్ రాదు, దిగు అన్నా. నువ్వు దిగావు. అటు తిరిగొచ్చి ఎడమ సీట్లో కూర్చున్నావు. ఇంటికి పోయేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నావు. రెండేళ్లయింది. కారు సెల్లార్లో కవర్ కింద ఉంది, నువ్వు క్యాబుల్లో తిరుగుతున్నావు. నేను ఎప్పుడు అడిగినా పార్కింగ్ దొరకదు నాన్నా అంటావు, నేనూ అదే నిజమన్నట్టు సరే అంటాను.

నాకు లారీ నేర్పినాయన తప్పు చేస్తే రెంచీ తీసుకుని మోకాలి మీద కొట్టేవాడు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. నేర్పడమంటే అదే అనుకున్నా ఇన్నేళ్లూ. నేను నిన్ను కొట్టలేదు కదా, అరిచానంతే కదా అని నాకు నేను చెప్పుకున్నా కూడా. ఆ రాయి మీద ఆ పిల్ల నా మీద ఒక్క కేక వేసి ఉంటే, పాపా, నేను అక్కడే బెల్టు విప్పి దిగిపోయేవాణ్ణి. మళ్లీ ఎక్కేవాణ్ణి కాదు. నీకు వచ్చు డ్రైవింగ్. ఆ రోజు తప్పు నీది కాదు, నాది. ఈ మాట ఫోన్లో అనలేకే ఇంత రాశా, మోయాబు గోల అంతా అందుకే.

మేము నవంబరు 14న దిగుతాం. ఆలోపు మెకానిక్‌ను పిలిచి బ్యాటరీ చూపించు, రెండేళ్లు కదలకుండా ఉంది కాబట్టి అది పోయే ఉంటుంది, కొత్తది వేయించు, డబ్బులు నేనిస్తా. టైర్లలో గాలి పట్టించు. ఎలుకలు వైర్లు కొరికాయేమో బానెట్ ఎత్తి చూడమను. ఆదివారం పొద్దున ఐదున్నరకు రోడ్లు ఖాళీగా ఉంటాయి, అదే ఫ్లైఓవర్ దగ్గరికి పోదాం, లేదూ నీకు ఇంకో దారి ఇష్టమైతే అటే. నేను ఎడమ పక్క కూర్చుంటా. నువ్వు అడిగితేనే మాట్లాడతా. నోరు జారితే వెనక నుంచి విజిల్ వేసే పూచీ మీ అమ్మదట, ఇప్పుడే పక్కన నిలబడి చెప్తోంది. ఆవిడ జుట్టులో ఆ ఎర్ర దుమ్ము మూడుసార్లు తలంటుకున్నా ఇంకా రాలుతూనే ఉంది.

నాన్న