న్యాక్స్ షో కబుర్లు, మన స్టోర్ ఓనర్ల కోసం

అందరికీ నమస్తే, షికాగోలో 2025 న్యాక్స్ షో (గ్యాస్ స్టేషన్లు, చిన్న స్టోర్ల వాళ్ళ కోసం పెట్టే ఎగ్జిబిషన్) చూసినవాళ్ళని ఎలా ఉందో రాయమని అడిగారు కదా, నేనూ వెళ్ళొచ్చాను, మెకార్మిక్ ప్లేస్‌లో ఒక హాల్ నుంచి ఇంకో హాల్‌కి వెళ్ళేసరికే కాళ్ళు పడిపోయాయి. సందడంతా ఫుడ్ దగ్గరే. గ్యాస్ (పెట్రోల్)లో, సిగరెట్లలో మిగిలేది ఎంత తక్కువో మనకి తెలిసిందేగా, అందుకే కాఫీ మెషిన్లు, హుడ్ (పొగ బయటికి లాగే గొట్టం) అక్కర్లేని ఓవెన్ల చుట్టూ జనం మూగేశారు. చిన్న స్టోర్‌కి నా ఓటు ఆ ఓవెన్‌కే, హుడ్ పెట్టించే ఖర్చు తప్పుతుంది, కాకపోతే మీ సిటీలో పర్మిషన్ అడక్కుండా మాత్రం కొనకండి.

ఇక కెమెరా చెకౌట్, ఐటమ్స్ అన్నీ కెమెరా కింద పెడితే స్కాన్ చెయ్యకుండానే బిల్ వేసేస్తుంది, సర్కిల్ కె స్టోర్ల చెయిన్ 2022లోనే ఇలాంటి మాష్‌జిన్ కంపెనీ మెషిన్లు 10 వేలకి పైగా పెడతామని చెప్పింది. అసలు చెకౌటే లేని జస్ట్ వాక్ ఔట్‌ని మాత్రం అమెజాన్ 2024లో అమెరికాలోని తన ఫ్రెష్ కిరాణా స్టోర్లలోంచి తీసేసింది, కాబట్టి సేల్స్ వాళ్ళ మాటలకి పడిపోకండి, ముందు మీ పీఓఎస్‌తో (బిల్లింగ్ సిస్టమ్‌తో) కలుస్తుందా అని అడగండి, నెలనెలా ఎంత కట్టాలో కూడా.

ఏజ్ చెక్ మర్చిపోకండి బాబూ! అమెరికాలో 2024 సెప్టెంబర్ 30 నుంచి 30 ఏళ్ళలోపు వాళ్ళెవరు టొబాకో కొన్నా ఫోటో ఐడీ చూడాల్సిందే, నికోటిన్ పౌచ్‌లకీ అదే రూల్. న్యాక్స్ వాళ్ళ ట్రూఏజ్ (వయసు చెక్ చేసే డిజిటల్ సిస్టమ్) ఎవరైనా వాడుతుంటే ఎలా ఉందో ఇక్కడ పెట్టండి.