కొత్త వెర్షన్ రావట్లేదు, పాతదాన్నే బాగుచేస్తున్నా

మన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడే మెడికల్ షాపుల వాళ్లందరికీ నమస్కారం. ఉగాదికల్లా కొత్త వెర్షన్ ఇస్తానన్నాను కదా, అది రాదు. బయట కంపెనీకి అప్పజెప్పిన పని ఆపేశాను. ఫోన్‌లో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పేకంటే మొత్తం ఇక్కడే రాస్తున్నా.

వాళ్లు చూపించిన స్క్రీన్లు బ్రహ్మాండంగా ఉన్నాయి, కాదనను. లెక్క చూడండి మరి. పది మాత్రల స్ట్రిప్ ఎమ్మార్పీ 31.50. మూడు మాత్రలు ఇస్తే 9.45, అందులో కలిసే ఉన్న 5 శాతం జీఎస్టీ 45 పైసలు. సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా)లకు చెరిసగం అంటే ఇరవై రెండున్నర పైసలు. వాళ్ల ప్రోగ్రాం రెండిటినీ 23 చేసి 46 చూపిస్తుంది, అదీ ప్రతి ఐటమ్‌కీ. మనది ఒకే రేటున్నవన్నీ కలిపి బిల్లు చివర ఒక్కసారే రౌండ్ చేస్తుంది. ఇది చెబితే "పైసలే కదా సార్" అన్నారు. నెలాఖరున టాలీ కాకపోతే ఆడిటర్ చేత మాటలు పడేది మీరు, వాళ్లు కాదు.

అసలు గొడవ వాపసుల దగ్గర. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా మందులు 12 శాతం నుంచి 5కి దిగాయి. అంతకుముందు అమ్మినది తర్వాత వెనక్కొస్తే క్రెడిట్ నోట్ (వాపసుకి ఇచ్చే చీటీ) పాత రేటుకే పడాలి. వాళ్లు ఐటమ్ మాస్టర్‌లో, అంటే మందుల జాబితా ఫైల్‌లో, 12 తీసి 5 పెట్టారు, అంతే! ఆగస్టు బిల్లు మళ్లీ ప్రింట్ తీసినా 5 శాతమే వస్తోంది. సరిచేయమంటే ముందు వచ్చే వారం అన్నారు, తర్వాత టీమ్ మారిందన్నారు, ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు. పైగా అందులో ఒకాయన మన పాత సాఫ్ట్‌వేర్ రాసిన ఫాక్స్‌ప్రోని "డొక్కు" అన్నాడు. మైక్రోసాఫ్ట్ 2015 జనవరిలోనే దానికి సపోర్ట్ ఆపేసిందని నాకూ తెలుసు బాబూ. 2017లో జీఎస్టీ వచ్చిన రోజు మీ కౌంటర్లు ఆగకుండా నడిపింది ఆ డొక్కే.

అడ్వాన్స్ పోతుందని చాలా టెన్షన్ పడ్డాను. ఇంత పోశాక ఎలాగోలా పూర్తి చేయించుకోమని ఇంట్లోవాళ్లూ అన్నారు, నాకూ ఒక దశలో అదే అనిపించింది, కానీ తప్పు లెక్క తెచ్చి మీ షాపులో పెట్టడానికి మనసొప్పలేదు. ఆ డబ్బు మీ ఏఎంసీ (ఏటా కట్టే మెయింటెనెన్స్ ఫీజు) మీద వేయను.

ఇక పాతదాన్నే కొంచెం కొంచెంగా మారుస్తాను, ముందు పన్ను లెక్క. ఏ తేదీకి ఏ రేటో విడిగా ఒక ఫైల్‌లో ఉంటుంది. మీ పాత ఫైళ్లలో ఒక్క కాలమ్ కూడా ముట్టుకోను, కాబట్టి ఏదైనా తేడా కొడితే పక్కనే ఉన్న పాత ఐకాన్ నొక్కి బిల్లింగ్ సాగించుకోవచ్చు. ఒప్పుకున్న షాపుల పాత బిల్లుల్ని, పేషెంట్ పేర్లు తీసేసి, మన పాత ప్రోగ్రాం, మార్చిన ప్రోగ్రాం రెండిట్లోనూ నడిపి చూస్తున్నా. కావాలని మార్చినచోట తప్ప ఎక్కడ పైసా తేడా వచ్చినా ఆ అప్‌డేట్ మీకు ఇవ్వను.

జీఎస్టీ రిటర్నులు వేసే 11, 20 తేదీల దగ్గర్లో అప్‌డేట్ పెట్టను, అడగొద్దు. బ్యాకప్ పెన్‌డ్రైవ్ షాపులో వదిలేయకుండా ఇంటికి తీసుకెళ్లండి. రంగుల స్క్రీన్ కావాలన్నవాళ్లు ఇంకొన్నాళ్లు ఆ నీలం స్క్రీన్‌తోనే సర్దుకోవాలి.